రెండవ బండిగా పాత జీపు

తెనాలి కాలువగట్ల నుండి రేపల్లెకును, అచ్చటి నుండి బాపట్ల మీదుగా సూర్యలంక తీరమునకును పయనించువానికి మూడు విధములైన నేల ఎదురగును. వానకు బంకయగు నల్లరేగడి యొకటి. కృష్ణ యొడ్డున లంకల ఒండ్రు వేరొకటి. కడలి చెంత ఇసుక మూడవది. తారురోడ్డు మీద ఏ కారైనను నడచును. రోడ్డు ముగిసిన చోటనే చిక్కు మొదలగును. కావున ఇంట చిన్న కారున్న కుటుంబము, పొలమునకో రొయ్యల చెరువునకో పోవుటకై పాత జీపు నొకదానిని కొనదలచుట సహజమే. అయితే కూడబెట్టిన సొమ్మును వెచ్చించుటకు ముందు ఆ బండి తత్త్వము తెలిసికొనుట మేలు.

జీపు యుద్ధమున పుట్టినది. 1940లో అమెరికా సైన్యము కోరగా రూపొంది, 1941 నుండి విల్లీస్, ఫోర్డు కర్మాగారములలో లక్షలుగా తయారైనది. మన దేశమున 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ విడిభాగములను తెప్పించి కూర్చుటకు పూనుకొన్నది. 1985లో మారుతీ జిప్సీ, 2010లో మహీంద్రా థార్ వచ్చినవి. కాని జీపు ఆకారము గల ప్రతి బండికిని నాలుగు చక్రముల బలముండదు. అనేక జీపులకు వెనుక చక్రములే శక్తి నందుకొనును. థార్‌లో సైతము 2023 నుండి అట్టి రకము కలదు. కొనువాడు మొదట తేల్చుకొనవలసినది ఇదియే.

మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలిది తక్కువ దూరమును పోవును. ఈ భేదమును సర్దుటకు ఇరుసు నడుమ డిఫరెన్షియల్ ఉండును. ఐతే ఒక చక్రము బురదలో జారినచో అది ఊరక తిరుగుచుండును. దాని జంట కదలదు. అట్టి వేళ ముందు ఇరుసునకును శక్తి నందించునది ట్రాన్స్‌ఫర్ కేసు. పాత జీపులలో అది ముందు వెనుక ఇరుసులను ఒకే వేగమునకు బిగించును. అందుచేత పొడి తారురోడ్డుపై దానిని వాడరాదు. మలుపులలో పండ్లచక్రములు ఒత్తిడికి లోనగును, టైర్లు ఒరసికొనిపోవును.

ఈ బలమునకు హద్దు కలదు. అది బండిని కదలించునే గాని ఆపదు. బ్రేకు వేసిన క్షణమున అన్ని కార్ల వలెనే ఇదియును. దమ్ము చేసిన చేలో దిగినచో ఇరుసుల దాక కూరుకొనిపోవును. అచ్చట పనిచేయునది దమ్ముచక్రముల ట్రాక్టరే.

పాత బండిని రంగు చూచి కొనరాదు, క్రింద పండుకొని చూడవలెను. ఉప్పుగాలికి చాసిస్ తుప్పు పట్టి యుండవచ్చును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు పోయినది. నీట మునిగిన బండ్లు కడిగి అమ్మకమునకు వచ్చుట వింత కాదు. సీట్ల క్రింద ఎండిన ఒండ్రు, పాలవలె తెల్లబడిన ఇరుసు నూనె దానికి సాక్ష్యములు. వదులు నేలపై నాలుగు చక్రముల గేరు వేయించి, ముందు చక్రములు నిజముగా లాగుచున్నవో లేదో పరీక్షింపవలెను. నాలుగు టైర్లు ఒకే కొలతవియై యుండవలెను.

కాగితములును అంతే ముఖ్యము. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరములు చెల్లును; ఆపై తనిఖీతో పునరుద్ధరింపవలెను. 29, 30 ఫారములతో పేరు మార్పు, తీరిన అప్పునకు 35వ ఫారము, బీమా బదిలీ పూర్తిగాక సొమ్ము చెల్లించుట వివేకము కాదు.

చివరకు ఇంటివారు వేసికొనవలసిన లెక్క యొకటి కలదు. ఏడాదికి ఎన్ని దినములు రోడ్డు దిగవలసి వచ్చును? పదిదినములే యైనచో అద్దె ట్రాక్టరు చాలును. నిత్యము గట్ల మీద తిరుగువానికి మాత్రము మంచి పాతజీపు నమ్మకమైన తోడు. అట్టివాడును ఒకటి మరువరాదు: పొంగి పారు నీరు జీపునైనను తేల్చి కొట్టుకొనిపోగలదు. అచ్చట వెనుకకు మరలుటకు కావలసినది రెండు చక్రములే.