కూడబెట్టిన సొమ్ముకు కుదురెక్కడ?

మొన్న ఒక ఆదివారంనాడు తుక్కుగూడలో నా పూర్వ విద్యార్థి తారసపడినాడు. శంషాబాద్ విమానాశ్రయంలో ఉద్యోగం. మూడేండ్లు కష్టపడి 2 లక్షల రూపాయలు మిగిల్చినాడు. "సారూ, ఈడ ఒక ప్లాటుకు బయానా కట్టమంటున్నరు. రేపటిదాకనే ఈ ధర అంట. మా నాయన ఎకరాల లెక్కన అమ్ముకున్నడు. నేను గజాల లెక్కనన్న కొనకపోతే ఎట్ల?" అన్నాడు.

అతని ఆశలో తప్పేమీ లేదు. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైనది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు తుక్కుగూడ మీదుగా సాగినది. నాటి చెలకలలో నేడు హద్దురాళ్ళు మొలిచినవి. తండ్రి అమ్మిన నేలను కొడుకు తిరిగి కొనగోరుట సహజమే గదా!

"రేపు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎట్లా?" అని అడిగినాను.

"ప్లాటు అమ్ముత సారూ."

"సగం సొమ్ము కట్టిన ప్లాటును ఆ పూటకు ఆ పూట ఎవరు కొంటారు నాయనా?"

అతడు మాట్లాడలేదు.

సొమ్ముకు మూడు పనులున్నవి: ఆపద, అక్కర, ఆస్తి. ఆపదకు గడువుండదు. అతని ఇంటి ఖర్చు నెలకు 20 వేలు. ఆరు నెలలకు 1 లక్షా 20 వేలు. ఈ మొత్తం బ్యాంకులోనో, తపాలా కార్యాలయంలోనో అడిగిన తక్షణం చేతికి వచ్చేటట్లు ఉండవలెను. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునికి 5 లక్షల వరకు బీమా 2020 ఫిబ్రవరి 4 నుండి అమలులో ఉన్నది.

అక్కర అనగా రెండు మూడేండ్లలో రానున్న ఖర్చు: చెల్లెలి చదువు వంటిది. దానికి గడువు డిపాజిటు మేలు. చీటి వేసేవారు 1982 నాటి చట్టం క్రింద రిజిస్టరైన దానినే ఎంచుకొనవలెను. 20 మంది నెలకు 10 వేల చొప్పున కట్టితే చీటి 2 లక్షలు. తొందర ఉన్నవాడు కొంత వదలుకొని పాడుకొంటాడు. ఆ వదలినది తక్కినవారికి పంపకమవుతుంది. కాని చీటికి ఆ బ్యాంకు బీమా వర్తించదు.

పదేండ్లు తాకకుండా ఉండగలిగినదే ఆస్తికి తగిన సొమ్ము. 2016 నాటి స్థిరాస్తి చట్టం వర్తించే లేఅవుట్లలో, విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదవ వంతుకు మించి తీసుకొనరాదు. 'రేపటిదాకనే' అన్న గడువు అమ్మేవాని అవసరమే గాని కొనేవానిది కాదు.

"మరి ధర పెరిగితే?" అన్నాడు.

"పెరగవచ్చు. ఆ నష్టాన్ని నీవు ఓర్చుకొనగలవు. ఆపదనాడు చేతిలో పైసా లేని నష్టాన్ని ఓర్చుకొనలేవు."

బయానా కట్టకుండానే అతడు ఇంటికి మరలినాడు. తరగతిలో మనము చక్రవడ్డీ లెక్కలు నేర్పుతున్నాము: అసలెంత, వడ్డీ ఎంత, కాలమెంత అని. ఆ సొమ్ము మరల ఏనాడు చేతికి కావలెనో కూడ ఒకమారు పిల్లలను అడుగుదాము.