‘ప’ను ‘వ’ కానివ్వని అక్షరం

మదనపల్లె బస్టాండులో నా చూపు ముందు బస్సుల నుదుటి మీది బోర్డులకే పోతుంది. ఆ కాస్త చోటులో మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం అన్నీ పట్టాలి. మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చే అవ్వ కంటికీ ఆనాలి. అంటే అక్షరం లావెక్కాలి, ఇరుకులో ఒదగనూ ఒదగాలి.

ఇంగ్లీషు అక్షరాలకు ఈ అవసరం 19వ శతాబ్దం మొదట్లో, గోడల మీద ప్రకటనల కాలంలో వచ్చింది. పెద్ద సైజు సీసపు అచ్చులు మోయలేనంత బరువు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కను తొలిచే యంత్రంతో కొయ్య అచ్చులు చేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ తగిలించాడు. నమూనా అంచు వెంట ముల్లు నడిపితే అదే ఆకారం కావలసిన సైజులో చెక్కమీద తెగుతుంది. నల్లగా, ఇరుకుగా, పొడుగ్గా నిలబడే పోస్టరు అక్షరం ఈ కొయ్యలోనే పెరిగింది. హెచ్, ఎన్ లాంటివి స్తంభాల ఇళ్లు. స్తంభాలను దగ్గరికి జరిపినా, వాటి పాదాల దగ్గరి అడ్డగీతలు ఆకారాన్ని పట్టి ఉంచుతాయి.

మన అక్షరానికి స్తంభాల్లేవు. తలకట్టును ఆ అడ్డగీతతో పోలుస్తారు గానీ నేను ఒప్పుకోను. చాలా గుణింతాల్లో తలకట్టు తొలగిపోతుంది, అది అలంకారం కాదు.

మదనపల్లెనే చూడండి. ‘ల్లె’కు పైన ఎత్వం, కింద వత్తు, మొత్తం మూడంతస్తులు. ‘ద’ కింద చిన్న గీటు పడితే ‘ధ’, లోపల చుక్క కూడా చేరితే ‘థ’. గీత బలిసి పొట్ట పూడితే ఈ మూడూ ఒకటే. పైన తెరిచి ఉంటేనే ‘ప’, మూసుకుంటే మదనవల్లె. ఇక పుంగనూరుకు వత్తు లేదు కానీ మూడు కొమ్ములున్నాయి, పేరు పక్కకు సాగుతుంది. ‘వ’ పక్కన కొమ్ము పైకి లేస్తే ‘మ’ అయిపోతుంది కనుక ‘వు’లో అది కిందికి దిగుతుంది, ‘పు’లోనూ అంతే. ఇరుకులో ముందు నలిగేది ఆ కొమ్మే.

కంప్యూటర్లో అక్షరాన్ని పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు పలచబడి, అడ్డగీతలు అలాగే లావుగా మిగులుతాయి. సున్న కోడిగుడ్డవుతుంది. ఫ్లెక్సీల మీద రోజూ చూస్తున్నదే, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా పంచిన ‘రామభద్ర’ ఫాంటును గుత్తుల పురుషోత్‌కుమార్ శీర్షికల కోసమే గీశారు. గీత అంతటా ఒకే మందం, చివరలు గుండ్రన. లావు సమస్య అక్కడ తీరింది. ఇరుకు సంగతి ముంబయి ఏక్ టైప్ వారి ‘అనేక్’ ఫాంటు పట్టించుకుంది. ఇరుకు, వెడల్పు, సన్నం, లావు కొసలను విడివిడిగా గీసి, నడిమి రూపాలను లెక్కగట్టే పని కంప్యూటర్‌కు అప్పగించారు. అందులో ఇరుకైన లావు అక్షరం నొక్కగా వచ్చింది కాదు, గీయగా వచ్చింది. కన్నడం, తమిళం కూడా అదే కుటుంబంలో ఉన్నాయి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఒకే బోర్డు మీద మూడు లిపులూ ఒకే మందంతో నిలబడగలవు.