మిద్దెమీది వామనులు

భూగోళ పాఠములో శృంగాకార అరణ్యముల ప్రస్తావన వచ్చినప్పుడు మన పిల్లలు సైబీరియా, కెనడా, హిమాలయము అని మూడు పేర్లు వల్లించి ముందుకు సాగిపోతారు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. తెలుగునేలలో తనంతట తాను మొలచి పెరిగే శృంగాకార వృక్షము నేడు ఒక్కటియును లేదు. దక్షిణ భారతమంతటికిని సహజమైనది ఒకే జాతి; అదియును పడమటి కనుమల తడి అడవులలో దాగియున్నది. అరకులోయ దారిలో యాత్రికులు ఆగి చూచే పైన్ తోటలు మనుష్యులు నాటినవే.

సముద్రతీరపు ఇసుకనేలలలో బారులు తీరిన సరుగుడు చెట్లను చూపి, “మరి ఇవి?” అని విద్యార్థి అడిగినచో, కావనియే చెప్పవలెను. సరుగుడు పుష్పించే జాతి. దాని సూదులు ఆకులు కావు, సన్నని రెమ్మలు. పిల్లలు ఆ సూదిని కణుపు వద్ద త్రుంచి, మరల అతికించి, ఎక్కడ త్రుంచినామో చెప్పుమని ఆడుకొంటారు గదా! ఆ కణుపు చుట్టును రంపపు పండ్లవలె కంటికి ఆనీ ఆనక నిలిచినవే దాని అసలు ఆకులు. ఈ చెట్టునే కొన్ని ప్రాంతాలవారు సర్వి అంటారు. పారశీక కవులు ప్రియురాలి నిలువెత్తు సొగసునకు ఉపమానముగా చెప్పిన సైప్రస్ వృక్షము పేరు సర్వ్. ఈ రెండు పేర్ల పోలిక యాదృచ్ఛికము కాదని నా ఊహ. చెట్టు రాకముందే పేరు వచ్చి, దొరికిన చెట్టును ఆశ్రయించినట్లున్నది.

అయితే ఈ నేల ఎల్లకాలము ఇట్లుండలేదు. ఏలూరుకు సమీపమున గొల్లపల్లి వద్ద రాతిపొరలలో దొరికిన వృక్ష శిలాజాలను, భారత భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన ఓట్టోకర్ ఫీస్ట్‌మాంటెల్ 1877లో వర్ణించి ప్రకటించినాడు. ఆ రాళ్లలో శృంగాకార వృక్షాల రెమ్మలు, అరౌకేరియా వంశపు శంకువుల పొలుసులు అచ్చుపడి ఉన్నవి. వాటి వయస్సు 10 కోట్ల సంవత్సరాలకు పైమాట. అంటే మన గోదావరి మండలము ఒకప్పుడు ఈ వృక్షాలకు పుట్టినిల్లే. పిదప భూఖండాలు విడిపోయినవి, వాతావరణము మారినది, పుష్పించే జాతులు నేలనంతయు ఆక్రమించినవి. అరౌకేరియా ప్రజాతి నేడు సహజముగా దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను, ఆ సమీప ద్వీపాలలోను మాత్రమే మిగిలియున్నది.

ఆ వెళ్లిపోయిన కుటుంబము ఇప్పుడు తొట్లలో కూర్చుండి తిరిగి వచ్చుచున్నది. గోదావరి కాలువ నీటితో వర్ధిల్లే కడియము నర్సరీలనుండి లారీలకొద్దీ మొక్కలు హైదరాబాదు చేరుచుండగా, వాటిలో “క్రిస్మస్ చెట్టు” అనే పేరుతో అరౌకేరియా కూడ ఉంటుంది. గొల్లపల్లి రాతిలోని పొలుసునకు, ఈ తొట్టిలోని మొక్కకు గల బంధుత్వము కొనేవానికిగాని అమ్మేవానికిగాని తట్టదు.

ఇట్టి తొట్లు కొన్ని లాడ్ బజారు మిద్దెలనెక్కినవి. చార్మినారు పడమటి వైపున మొదలై మహబూబ్ చౌకు వరకు సాగే ఆ వీధిలో ఎవరైనను గాజులనే చూస్తారు. లక్కను కరగించి, తీగవలె సాగదీసి, వలయముగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు పొదిగే ఆ పనితనానికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అంగళ్ల మెరుపు దాటి తల పైకెత్తి చూచేవారు అరుదు. నాకు పరిచితుడైన ఒక గాజుల వర్తకుడు బజారు వెనుక సందులో తన ఇంటి మిద్దెమీద ముప్పదియేండ్లుగా మొక్కలను సేకరించుచున్నాడు. గులాబీలు, మల్లెలు దిగువ మెట్లవద్దనే ఆగిపోయినవి. పై మిద్దెమీద ఉన్నవన్నియు శృంగాకార వృక్షాలు. అందులో ఒక్కటైనను ఆయన భుజము దాటదు.

చెట్టు రాకపోయినను చెట్టు సరుకు ఈ బజారుకు ఎప్పుడో వచ్చినదని ఆయన అంటాడు. అది నిజమే. చార్మినారును ఆనుకొనియున్న నిజామియా యునానీ వైద్యశాల వైద్యములో అబ్‌హల్ అనబడే జూనిపర్ కాయలకు స్థానమున్నది. జపమాలలకు వాడే కహ్రుబా కోట్ల యేండ్లనాటి వృక్షాల బంక గట్టిపడిన శిలాజము. ఎండుఫలాల అంగడిలోని చిల్గోజా హిమాలయపు పైన్ విత్తనము. జయపూరు లక్కపనివారు లక్కలో కలిపే బిరోజా కూడ పైన్ చెట్టు కార్చిన బంకయే.

మిద్దెమీది చెట్లన్నియు పొట్టివే యైనను, ఆ పొట్టితనము ఒక్క విధమైనది కాదు. తోటలు పెంచేవారు సైతము ఈ భేదము పాటింపరు గనుక కొంచెము వివరించుట మంచిది.

మొదటిది పైన చెప్పిన అరౌకేరియా. గొడుగుమీద గొడుగు నిలిపినట్లు అంతరువులు దీర్చిన ఈ మొక్క వామనుడు కాడు, బాలుడు. తన స్వస్థలమైన నార్ఫోక్ ద్వీపములో 60 మీటర్ల వరకు పెరిగే వృక్షమిది. తొట్టిలో వేళ్లకు చోటు చాలక బాల్యములో నిలిచినది. దీనికొక విచిత్ర స్వభావము కలదు. నడినెత్తిన ఉన్న మొవ్వను కోసి నాటినచో నిలువుగా పెరుగుతుంది. ప్రక్క కొమ్మను కోసి నాటినచో, వేరూనినను, ఆ కొమ్మ ఆజన్మాంతము ప్రక్కకే ప్రాకుతుంది, నిలువుకాడుగా మారదు. మా మిత్రుని మిద్దెమీద అట్టి మొక్క యొకటి పిట్టగోడ వెంబడి పడకవేసియున్నది. వచ్చినవారందరు దానిని జబ్బుపడిన మొక్క అనుకొంటారు. నేను విద్యార్థులను తీసికొని పోయినచో మొట్టమొదట చూపదలచినది దానినే.

రెండవ విధము చేతితో చేసిన వామనత్వము. జూనిపర్ మొక్కను పల్లపు తొట్టిలో నాటి, వేళ్లు కత్తిరించి, కొమ్మలకు రాగితీగె చుట్టి, గాలికి వంగిన కొండచరియ వృక్షమువలె మలచుట. చైనాలో పుట్టి జపానులో పేరుగాంచిన విద్య ఇది. దానినే బోన్సాయి అంటారు. ఇట్టి చెట్టు విత్తనములో పొట్టితనపు జాడ ఉండదు. నేలలో నాటినచో తాతముత్తాతల ఎత్తునకు పెరుగుతుంది.

మూడవది జన్మతః వచ్చిన వామనత్వము. ప్రపంచములోని తోటమాలులు ఎక్కువ మక్కువ చూపేది దీనిమీదనే. మన పాఠశాలలకు సన్నిహితమైనదియు ఇదియే. తలవాకిట ఇరువైపుల కోడిగ్రుడ్డు ఆకారములో, చేతులు జోడించినట్లు ఆకుపళ్లెములను నిలువుగా పేర్చుకొని నిలిచే మోర్‌పంఖిని ఎరుగని ఉపాధ్యాయుడు ఉండడు. ఉత్తరాది పిల్లలు దానిని విద్యామొక్క అని, రెమ్మను పుస్తకములో దాచుకొంటారు. ఇది తూర్పు ఆసియా వృక్షము. సహజరూపములో పెద్ద చెట్టగును. మనము చూచే గుండ్రని బంగారుచాయ మొక్కలు దానిలో పుట్టిన కుబ్జరూపాల సంతానము. ఉద్యానకారులు వీటిని తరతరాలుగా రెమ్మలు నాటి నిలుపుకొన్నారు, ఏలననగా విత్తనము వేసినచో తల్లి పోలిక నిలుచునని నమ్మకము లేదు. పువ్వులేని ఈ మొక్కలో నీలిబూడిద రంగు కాయలు, కొమ్ములవలె వంగిన మొనలతో కనబడతవి. ఎండి విచ్చుకొన్న కాయను చేతికిచ్చినచో, ఫలకవచము లేక పొలుసుల నడుమ కూర్చున్న విత్తనములను పిల్లలు కన్నులార చూడవచ్చును. వివృతబీజము అనే మాటకు ఇంతకంటె చౌక బోధనోపకరణము లేదు. మన పాఠశాలలో అది వాకిట నిలిచియుండగా, గదిలో బొమ్మ గీయించుచున్నాము.

ఈ జన్మవామనులు ఎక్కడనుండి వస్తారు? కొన్ని విత్తనమునుండియే పొట్టిగా మొలచును. కొన్ని పెద్ద చెట్టు కొమ్మమీద, ఒక్క మొగ్గలో మార్పు కలిగి, గుబురుగా చీపురుకట్టవలె పెరుగుతవి. పాశ్చాత్యులు దీనిని మంత్రగత్తె చీపురు అన్నారు. ఆ గుబురులోని రెమ్మను తెచ్చి అంటు కట్టినచో కొత్త కుబ్జజాతి లభిస్తుంది. అందని ఎత్తున ఉన్న చీపురును తుపాకితో కొట్టి పడగొట్టే సేకర్తలు కూడ ఉన్నారు. 1904లో కెనడాలోని లగ్గాన్ అనే చోట ఆర్నాల్డ్ వృక్షోద్యానమునకు చెందిన రేడర్, జాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రైలుకొరకు వేచియుండి, ఊరక కూర్చుండక చుట్టుప్రక్కల తిరుగగా, దీపశిఖ ఆకారములో మొలచిన పొట్టి స్ప్రూస్ మొక్కలు కనబడినవి. చలిదేశాల తోటలలో లక్షలుగా నాటిన ఆల్బర్టా కుబ్జ స్ప్రూసునకు మూలము అదే. రైలు వేళకు వచ్చియుండినచో ఏమయ్యెడిదో!

ఈ స్ప్రూస్ ఒక్కొక్కప్పుడు తన పూర్వరూపమును జ్ఞప్తికి తెచ్చుకొంటుంది. నున్నని శంకువునుండి అకస్మాత్తుగా పొడుగాటి ముతక కొమ్మ వెలువడుతుంది. వెంటనే కోసివేయనిచో ఆ కొమ్మయే బలమంతయు లాగికొని, కొలది యేండ్లలో వామనుని స్థానమున త్రివిక్రముడు నిలుస్తాడు. బలిచక్రవర్తి కథ చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు. ఇక ప్రకృతియే పొట్టిగా నిలిపిన జాతియు ఒకటున్నది. న్యూజిలాండు కొండలలో నేలను ప్రాకే ఒక మరుగుజ్జు పైన్ జానెడైన లేని దశలోనే కాయలు కాస్తుంది.

హైదరాబాదు మిద్దె వీటికి సుఖస్థానమని నేను చెప్పను. ఆల్బర్టా స్ప్రూస్ ఇక్కడ బ్రదుకదు. చలికాలములో అమ్మకానికి వచ్చే నిమ్మవాసన సైప్రసును మా మిత్రుడు రెండుమారులు తెచ్చి రెండుమారులు పోగొట్టుకొన్నాడు. అది కాలిఫోర్నియా సముద్రతీరపు చల్లని మంచుగాలికి అలవాటుపడిన జాతి. 40 డిగ్రీలు దాటే మన వేసవి దానికి చితివంటిది. అమ్మేవారు ఈ మాట చెప్పరు. ఇంకొక చిక్కు, ఈ వృక్షాలు చనిపోయినను కొన్ని వారాలు పచ్చగానే ఉంటవి. మార్చిలో వేళ్లు కుళ్లిన మొక్క ఏప్రిల్ చివర గాని గోధుమరంగునకు తిరుగదు. అప్పుడు నీరు తక్కువైనదని మరింత పోయుదురు.

ఆయన పద్ధతి నేను గమనించినంతవరకు ఇది: మట్టిలో సగము ముతక ఇసుక, గులకరాళ్లు. నీరు తెల్లవారుజామున మాత్రమే, వ్రేలు గుచ్చి చూచిన పిదప. మార్చి వచ్చుటతోనే పడమటెండకు అడ్డముగా వట్టివేళ్ల తడిక. ఎండలు ముదిరినప్పుడు జూనిపర్లకు పట్టే ఎర్రనల్లిని ఆకుల అడుగున నీటిధారతో కడిగివేయుట. కత్తెర పట్టునప్పుడు పచ్చని భాగము దాటి కోయడు. మామిడి, వేప మోడైనను చిగుర్చును; ఈ జాతులలో చాలవరకు ఆకురాలిన పాతకట్టెను మిగిల్చి కోసినచో ఆ కొమ్మ మరల చిగురింపదు. పాఠశాలలలో మోర్‌పంఖిని ఎడాపెడా నరికి, మధ్యలో గోధుమరంగు గుంతలు మిగుల్చుట నేను చాలచోట్ల చూచినాను.

ఒకనాడు ఆయన ఒక జూనిపర్ కొమ్మపై వ్రేలు ఆనించి, “సాబ్, పోయిన రంజానునుండి ఇంతే పెరిగింది,” అన్నాడు. వ్రేలి వెడల్పు కూడ లేదు. చూపుతోనే ముంజేతి కొలత చెప్పగల వర్తకుడు గనుక ఆ కొలత నేను నమ్మినాను. వెంటనే, “నా తరువాత దీనికి నీళ్లెవరు పోస్తారు?” అన్నాడు. కుమారు లిద్దరు జెడ్డాలో ఉన్నారు. మిద్దెపై ఇంకొక అంతస్తు వేయుమని వారి కోరిక.

అప్పుడు నేను ఆయనకు వాషింగ్టనులోని ఒక తెల్లపైన్ కథ చెప్పితిని. 1625నుండి తొట్టిలో పెంచబడుచున్న చెట్టది. హిరోషిమాలో యమాకి కుటుంబమువారు తరతరాలుగా దానికి నీరు పోసినారు. 1945 ఆగస్టు 6వ తేదీన అణుబాంబు పడిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరములో, తోటగోడ చాటున ఉండి బ్రదికినది. 1976లో మసారు యమాకి దానిని అమెరికాకు కానుకగా పంపినాడు, ఆ బాంబును పడవేసిన దేశానికే. చెట్టు కథ అక్కడివారికి తెలియదు. 2001లో ఆయన మనుమలు చూడవచ్చి చెప్పినప్పుడు గాని అది హిరోషిమా చెట్టని బయటపడలేదు.

ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, “ఆ గోడ ఎంత మందముండెనో?” అని మాత్రము అడిగినాడు.

గత వర్షాకాలములో ఆయన తన బంగారు మోర్‌పంఖినుండి పన్నెండు రెమ్మలు మడమతో సహా చీల్చి తీసి, తడి ఇసుకలో నాటినాడు. మూడు నెలలకు ఐదు వేరూనినవి. రెండు సమీపములోని బాలికల పాఠశాలకు వెళ్లినవి. వాటికి నీరు పోసే వంతు ఎనిమిదవ తరగతిది. ఒకటి నా కిటికీవద్ద ఉన్నది. తక్కిన రెండు తొట్లమీద సున్నముతో మనుమరాలి పేరు వ్రాసి, తడిక నీడకు జరిపినాడు.