చేపల జాడ చెప్పే ప్రతిధ్వని

కొండ ఎదుట నిలబడి గట్టిగా కేక వేస్తే, ఆ కేక తిరిగి మనకే వినిపిస్తుంది. దీనిని ప్రతిధ్వని అంటారని మీకు తెలుసు. నీటి అడుగున తిరిగే చేప జాడను కూడా ప్రతిధ్వనితోనే పట్టవచ్చు. అందుకు వాడే పరికరమే ఫిష్ ఫైండర్. 1948లో జపానుకు చెందిన ఫురునో సోదరులు దీనిని జాలరులకు పనికివచ్చే రూపంలో తయారుచేశారు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే చిన్న రకాలు కూడా దొరుకుతున్నాయి.

కష్టపడి కూడబెట్టిన డబ్బుతో ఒక జాలరి మొదటిసారి దీనిని కొనాలనుకున్నాడనుకోండి. ఏది కొనాలి? ఖరీదైనదే మంచిదా? అతనికి సలహా చెప్పడానికి మీ పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రం చాలు.

పనిచేసే తీరు

ఈ పరికరానికి నీటిలో ఉంచే బిళ్ల ఒకటి ఉంటుంది. విద్యుత్తు అందగానే ఆ బిళ్ల అతివేగంగా కంపించి, ధ్వనిని కిందికి పంపుతుంది. చాలా పరికరాలలో దాని పౌనఃపున్యం 200 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 2 లక్షల కంపనాలు! 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని మన చెవి వినలేదు.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అడుగు 15 మీటర్ల లోతున ఉంటే, ధ్వని పోయి రావడానికి 30 మీటర్లు ప్రయాణించాలి. దానికి పట్టే కాలం సెకనులో 50వ వంతు. పరికరం ఈ కాలాన్ని కొలిచి లోతును చూపుతుంది. చేప ఒంట్లో గాలితిత్తి ఉంటుంది. నీటిలో వచ్చే ధ్వని గాలికి తగలగానే బలంగా వెనుదిరుగుతుంది. అందుకే చేప జాడ తెలుస్తుంది.

కంభం చెరువుకు ఏది చాలు?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వారందరికీ కంభం చెరువు తెలుసు. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ, విజయనగర రాజుల కాలంలో దీనిని కట్టారు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు, అంటే 17 మీటర్లు. చెరువు నిండినా నీటి లోతు అంతకు మించదు గదా! అలాంటప్పుడు 300 మీటర్ల లోతు చూపే పరికరానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. లోతైన సముద్రానికి 50 కిలోహెర్ట్జ్ ధ్వని మేలు; అది నీటిలో తొందరగా నీరసించదు. కాని దాని తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. 200 కిలోహెర్ట్జ్ ధ్వనిది 7.5 మిల్లీమీటర్లే. అందువల్ల చిన్న వస్తువులను ఇదే బాగా విడదీసి చూపుతుంది. చెరువుకు ఇది చాలు.

తరువాత చూడవలసింది కోణం. బిళ్ల నుంచి ధ్వని శంకువు ఆకారంలో విచ్చుకుంటుంది. మీ పలక మీద 20 డిగ్రీల కోణం గీసి చూడండి. 6 మీటర్ల లోతున ఆ శంకువు వెడల్పు సుమారు 2 మీటర్లు. 1 మీటరు లోతున 35 సెంటీమీటర్లే! కోణం 60 డిగ్రీలైతే 6 మీటర్ల లోతున వెడల్పు దాదాపు 7 మీటర్లు. లోతు తక్కువైన చోట వెడల్పు కోణమే నయం.

మూడవది తెర. తెర మీద నిలువునా 160 చుక్కలుంటే, 15 మీటర్ల లోతును చూపేటప్పుడు ఒక్కో చుక్క 9 సెంటీమీటర్లకు పైగా నీటికి గుర్తు. 320 చుక్కలుంటే అందులో సగమే. కనుక డబ్బు మిగిలితే మంచి తెరకు పెట్టాలి. కొన్ని పరికరాలు తెర మీద ముద్దుగా చేప బొమ్మలు చూపుతాయి. వాటిని చూసి మురిసిపోకూడదు. మునిగిన కొమ్మనూ నీటి బుడగలనూ కూడా అవి చేపలుగా చూపవచ్చు.

పడవ లేనివారికి గాలం తాడుకు కట్టి విసిరే బంతి రకం ఉంది. అది నీటి మీద తేలుతూ రేడియో తరంగాలతో ఒడ్డుకు సమాచారం పంపుతుంది.

అన్నీ కనిపిస్తాయా?

కనిపించవు. బొచ్చె చేప నీటి పైభాగంలో తిరుగుతుంది. అక్కడ శంకువు ఇరుకు. మ్రిగాల అడుగున మేస్తుంది. దాని ప్రతిధ్వని అడుగు ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. నాచులో దాగే కొర్రమీను సంగతి సరేసరి. నడిమి నీటిలో తిరిగే రోహు మాత్రం బాగా దొరుకుతుంది.

అందుచేత జాలరి మొదట చేయవలసిన పని వేరే ఉంది. ఒక తాడుకు మీటరుకొక ముడి వేసి, చివర రాయి కట్టి, తాను వేటాడే చోటల్లా లోతు కొలవాలి. వానలు తక్కువైన ఏడు కూడా కొలవాలి. ఎప్పుడూ రెండు మూడు మీటర్లే ఉంటే, ఆ డబ్బు కొత్త వలకు పెట్టడమే తెలివి. పరికరం చేప ఉన్న చోటు చెబుతుందే గాని, చేపను పట్టి ఇవ్వదు.

ఇప్పుడు మీకొక లెక్క. ప్రతిధ్వని 0.008 సెకనులో తిరిగి వస్తే చెరువు లోతెంత? ఆ లోతున 20 డిగ్రీల శంకువు వెడల్పెంత? రెండవ జవాబు పైనే ఉంది. మొదటిది మీరే కట్టండి!