రిపోర్టు నార్మల్ వస్తే మాత్ర మానవచ్చా?

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవారిలో కొందరు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. కొందరైతే అడగకుండానే మానేస్తారు. అది ఎందుకు ప్రమాదమో దాతలకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఎల్.డి.ఎల్. అనే చెడు కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలోకి చేరితే, దాన్ని తొలగించడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి వస్తాయి. దాంతో గోడలో వాపు మొదలై కొవ్వు పూడిక పెరుగుతుంది. ఆ పూడిక పైపొర పగిలితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. స్టెంటు ఒకచోట అడ్డును తెరుస్తుంది. మిగతా నాళాల్లోని వాపు అలాగే ఉంటుంది.

స్టాటిన్ మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, వాపునూ కొంత అణుస్తుంది. 1994లో వెలువడిన స్కాండినేవియా పరిశోధనలో 4,444 మంది హృద్రోగులు పాల్గొన్నారు. సింవాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. స్టాటిన్ ఒక్కటే చాలకపోతే, పేగుల నుంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి చేరకుండా అడ్డుకునే ఎజెటిమైబ్ కలుపుతారు. కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించకపోయినా, వాపును తగ్గించి గుండెపోట్లను తగ్గించిందని 2017లో తేలింది. ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఉన్నందున, ఖరీదు కూడా ఎక్కువైనందున గుండెజబ్బుకు అది వాడుకలోకి రాలేదు. అయినా వాపు ఎంత ముఖ్యమో దానివల్ల రుజువైంది.

కాబట్టి రిపోర్టు బాగుందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. మానేస్తే కొలెస్ట్రాల్ మళ్లీ పెరుగుతుంది. కండరాల నొప్పులుంటే సొంత నిర్ణయం తీసుకోక వెంటనే డాక్టరుకు చెప్పాలి. మోతాదో, మందో మారుస్తారు. పేద రోగి స్టెంటుకు చేయూతనిచ్చే దాతలు, ఆ తర్వాత నెలనెలా కావలసిన మాత్రలనూ గుర్తుంచుకోవాలని మా మనవి.