పశువైద్యుని చదువు పట్టాతో ముగియదు



రైతునకు పశువే సగము సంపద. వర్షము తప్పిన యేట పంట పోయినను పాడి యున్న యిల్లు ఏదో విధముగా గడచును. పశువు పోయిన యిల్లు మంచి పంట పండిన యేడును వెంటనే కోలుకొనలేదు. అందుచేతనే పశువునకు జబ్బు చేసిననాడు మనము అన్నము మాని వైద్యునికొఱకు పరుగెత్తుదుము. అట్టి వేళ ఆసుపత్రి వాకిట “డాక్టరుగారు శిక్షణమునకు వెళ్లినారు” అను మాట వినబడినచో మనకు విసుగు పుట్టుట సహజమే. “పట్టా పుచ్చుకొని యిరువదియేండ్లయిన వైద్యునికి మరల బడి యేమిటి, బాబూ?” అని మన సంఘసభ్యులే కొందఱు అడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

క్లుప్తముగా చెప్పవలెనన్న, రోగములు మాఱుచున్నవి, మందులు మాఱుచున్నవి. వైద్యుడు మాత్రము తాను చదివిననాటి పుస్తకముతోనే నిలిచిపోయినచో ఆ నష్టము ఆయనకు కాదు, మన గొడ్లసాలకు. ఇది యెట్లో ఉదాహరణములతో చూతము.

పశువైద్య విద్యాలయములు

పశువులకు మందిచ్చుట మనవారికి క్రొత్త కాదు. ఆకులు, పసరులు, కషాయములు తెలిసిన పెద్దలు ప్రతి గ్రామమునను ఉండెడివారు. అయితే పశువైద్యమునకై ప్రత్యేకముగా కళాశాల పెట్టి, దేహమును కోసి చూచి, కారణము విచారించి బోధించు పద్ధతి 1761లో ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమున మొదలైనది. ఆ కాలమున ఐరోపా పశువులను నాశనము చేయుచున్న ముసర రోగమే ఆ కళాశాల పుట్టుటకు ముఖ్యమైన ప్రేరణము.

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్న కాలమున 1903లో మద్రాసు పశువైద్య కళాశాల వెలసినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప 1955లో బాపట్లలో ఆరంభమైన కళాశాల తరువాత తిరుపతికి మాఱినది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము తిరుపతి కేంద్రముగా ఏర్పడినది. దాని పశువైద్య కళాశాల యొకటి నేడు మన విజయనగరము జిల్లాలోనే గరివిడియందు ఉన్నది. బొబ్బిలివారికి ఇది మిక్కిలి సౌకర్యము. దానిని మనమెట్లు వినియోగించుకొనవలెనో తుదను చెప్పెదను.

పోయిన రోగము, వచ్చిన రోగము

మన తాతల కాలమున ముసర అన్న పేరు వినగానే ఊరు గడగడలాడెడిది. తీవ్రమైన జ్వరము, నోట పుండ్లు, ఆపరాని పాఱుడు, కొలది దినములలో మందకు మంద పడిపోవుట. 1954లో దీనిని దేశమునుండి పాఱద్రోలుటకు ప్రభుత్వము పూనుకొన్నది. ఊరూర టీకాలు వేసిరి. 1995 తరువాత మన దేశమున ఆ రోగము కనబడలేదు. 2011లో ప్రపంచమునుండియే అది తొలగినదని ప్రకటింపబడినది. మనుష్యులలో మశూచికము పోయిన తరువాత భూమిమీదనుండి పూర్తిగా తుడిచివేయబడిన రెండవ రోగ మిదియే. 1960లో పట్టా పుచ్చుకొన్న వైద్యుడు తన శ్రమలో అధికభాగము ఏ రోగమునకై వెచ్చించెనో, ఆ రోగమును నేటి వైద్యుడు పుస్తకమున బొమ్మగా మాత్రమే చూచును.

ఒకటి పోవుచుండగా మఱియొకటి వచ్చినది. 1987లో తమిళనాడునందలి విల్లుపురము ప్రాంతమున అరసూరు గ్రామములో గొఱ్ఱెలకు ముసరవంటి లక్షణములే కనబడినవి. పరీక్షింపగా అది ముసర కాదని, దానికి చుట్టమైన వేఱొక సూక్ష్మజీవి కలిగించు రోగమని తేలినది. దీనినే మనము పాఱుడు రోగమనియు, పి.పి.ఆర్. అనియు పిలుచుచున్నాము. నాటికి ఉద్యోగమున నున్న మన వైద్యులెవ్వరును దీనిని కళాశాలలో మన దేశపు రోగముగా చదివినవారు కారు. ఉద్యోగములో ఉండియే నేర్చుకొనవలసి వచ్చినది.

ఇంకను దగ్గఱి సంగతి చూడుడు. ముద్దచర్మ వ్యాధిని, అనగా మనము లంపీ యనుచున్న దానిని, 1929లో ఆఫ్రికాలో మొదట గుర్తించిరి. తొంబదియేండ్లు అది మనకు పరదేశపు రోగమే. 2019లో మన పొరుగున ఒడిషాలో తొలిసారిగా బయటపడినది. మన బొబ్బిలినుండి పార్వతీపురము మీదుగా రాయగడకు రైలుదారి ఉన్నది. సాలూరు మీదుగా బండ్లదారి ఉన్నది. అలమండ, మానాపురము సంతలకు నలువైపులనుండి పశువులు వచ్చుచుండును. ఇట్టి చోట పొరుగుసీమ రోగము మన రోగము కాదని ఊరకుండుట ఎట్లు? 2022లో గుజరాతు, రాజస్థానములలో ఈ రోగమువలన ఎన్నియో ఆవులు మరణించినవి.

ఇందు తెలిసిన వైద్యునికి, తెలియని వైద్యునికి గల భేదము గమనింపుడు. ఒంటిమీద గడ్డలు, జ్వరము, కాళ్లవాపు చూచి తెలియనివాడు గట్టి యాంటిబయాటిక్ సూదులు వరుసగా వేయును. ఈ రోగమును కలిగించునది వైరసు గనుక ఆ సూదులు దానిని చంపలేవు. పుండ్లు చీము పట్టినపుడు మాత్రమే వాటితో పని. తెలిసినవాడు జబ్బు పశువును వెంటనే వేఱుచేయించును. ఈగలు, దోమలు, పిడుదులు ఈ రోగమును మోయును గనుక వాటిని అణచుమని చెప్పును. మేకల మశూచికపు టీకా దీనికిని అడ్డుపడునని యెఱిగి, చుట్టుప్రక్కల ఆరోగ్యముగా నున్న పశువులకు ముందుగా వేయించును. ఇది మనుష్యులకు అంటదని చెప్పి ఇల్లాండ్రకు ధైర్యము కలిగించును. ఈ జ్ఞానము 2019కి ముందు పట్టా పొందినవారికి శిక్షణము ద్వారానే కదా రావలెను!

మంచి మందు చెడ్డదైన విధము

నొప్పికి, వాపునకు డైక్లోఫినాక్ అను సూదిమందు ఒకప్పుడు పశువులకు విరివిగా వాడిరి. పశువునకు గుణమిచ్చెడిది, వెలయును తక్కువ. కాని ఆ మందు పుచ్చుకొని చచ్చిన పశువు కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చిపోవుచున్నవని 2004లో పరిశోధకులు నిరూపించిరి. మన చిన్ననాట ఊరి వెలుపల గుంపులుగా వ్రాలిన రాబందులు నేడు కానరాకుండుటకు ముఖ్యకారణ మిదియే. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. దానికి బదులు మెలాక్సికామ్ వంటి మందు వాడవచ్చునని తేలినది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ అను మఱి రెండింటినికూడ పశువులకు నిషేధించిరి.

రాబందులు పోయినందున మనకేమి నష్టమని అడుగవచ్చును. కళేబరములు తినువారు లేక అవి కుళ్లుచున్నవి. వాటిపై బ్రతుకు ఊరకుక్కలు పెరుగుటకును, కుక్కకాటు భయము హెచ్చుటకును ఇదియొక కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఒక చిన్న మందుసీసా సంగతి ఎంతదూరము పోయినదో చూడుడు.

ఇట్లే కొలిస్టిన్ అను మందును తిండికై పెంచు జంతువులకు, కోళ్లకు ఇయ్యరాదని 2019లో నిషేధించిరి. మనుష్యులకు ఏ మందును పనిచేయనపుడు తుదకు మిగులు మందులలో అదియొకటి. పశువులకు విచ్చలవిడిగా వాడినచో క్రిములు దానికి అలవాటుపడి, మన బిడ్డలకు జబ్బు చేసిననాడు అది పనిచేయకపోవును. పొదుగువాపునకు సూది వేసిన పిదప ఇన్ని దినములు పాలు కేంద్రమునకు పోయరాదని వైద్యుడు చెప్పునది మన నష్టము కోరి కాదు.

ఇంటి కుక్క, పిల్లి సంగతి

మనుష్యుల వైద్యునికి ఒక్కటే జాతి. పల్లెటూరి పశువైద్యునికో, ఉదయము గేదె, మధ్యాహ్నము మేక, సాయంకాలము కోడి, నడుమ కుక్క, పిల్లి. ఒకదానికి మందైనది మఱియొకదానికి విషము. మనము జ్వరమునకు మ్రింగు పారసిటమాల్ మాత్ర యొక్కటి పిల్లి ప్రాణమును తీయగలదు. కుక్కపిల్లలకు వాంతులు, నెత్తురు విరేచనములు కలిగించు పార్వో రోగము లోకమున వెలువడినదే 1978లో. అంతకుముందు చదివిన వైద్యుని పుస్తకములో దాని పేరే లేదు.

వీనికంటె ముఖ్యమైనది పిచ్చికుక్క కాటు. ఒకప్పుడు కాటు తిన్నవానికి బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేసెడివారు. ఆ పాతమందు ఇప్పుడు మన దేశమున లేదు. క్రొత్త టీకాలను చేతికి, కొలది మాఱులు మాత్రమే వేయుదురు. కఱచిన వెంటనే గాయమును ధారగా నీరు పోయుచు సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలెను. పసరు, కారము, సున్నము పూయరాదు.

ఆవునకు, గేదెకు ఈ రోగము వచ్చినపుడు చొంగ కాఱును, మ్రింగలేదు, అరపు మాఱును. గొంతులో ఏదో అడ్డుపడినదని తలచి మనవారు నోట చేయి పెట్టి వెదకుదురు. ఇది మిక్కిలి అపాయము, ఏలయన చొంగలోనే ఆ విషమున్నది. ఇట్లే ఈసుకుపోయిన ఆవు మాయను వట్టిచేతులతో లాగినవానికి బ్రూసెల్లా జ్వరము, కీళ్లనొప్పులు పట్టుకొనవచ్చును. ఆ రోగమునకు నాలుగు మొదలు ఎనిమిది మాసముల వయసుగల ఆడదూడలకు జీవితమున ఒక్కసారి వేయు టీకా కలదు. ఇట్టి సంగతులు పశువైద్యుడు నేర్చి వచ్చి మనకు చెప్పినచో కాపాడబడునది పశువే కాదు, మన యింటివారును.

ఈ శిక్షణము జరుగు రీతి

1984లో భారత పశువైద్య పరిషత్తు చట్టము పుట్టినది. పరిషత్తు 1989లో ఏర్పడినది. పట్టా పొంది, పేరు నమోదు చేయించుకొన్నవారే పశువైద్యము చేయవలెనని ఆ చట్టము శాసించుచున్నది. సహాయకులు చిన్న చికిత్సలు వైద్యుని పర్యవేక్షణమున చేయవలెను. ఉద్యోగములోనున్న వైద్యులకు నిరంతర పశువైద్య విద్య అను పేర శిక్షణములు జరుపుటకు పరిషత్తులకు కేంద్రప్రభుత్వము ధనసహాయము చేయుచున్నది. విశ్వవిద్యాలయములును, పరిశోధనాలయములును బోధకుల నిచ్చుచున్నవి. ఇంగ్లండున నమోదైన ప్రతి పశువైద్యుడును ఏటేట ముప్పదియైదు గంటలు క్రొత్త విద్యకై వెచ్చింపవలెనని నియమ మున్నది.

అన్ని శిక్షణములును సమానముగా నుండవని ఒప్పుకొనవలెను. కుర్చీలో కూర్చుండి ఉపన్యాసము విని ధ్రువపత్రము తెచ్చుకొన్నంత మాత్రమున చేయి తిరుగదు. చూలును పరీక్షించు యంత్రమును స్వయముగా పట్టుట, నెత్తురు నమూనాను మంచులో పెట్టి చెడకుండ ప్రయోగశాలకు పంపుట, శస్త్రచికిత్స చేయుట, ఇవి చేతితో నేర్వవలసిన పనులు. అట్టి శిక్షణమునే మనము కోరవలెను.

మన సంఘము చేయదగిన పనులు

1. వైద్యుడు శిక్షణమునకు పోవు దినములను ముందుగా తెలిసికొని సంఘపు పలకమీద వ్రాయవలెను. ఆ దినములలో ఏ ఊరి వైద్యుడు చూచునో అదియు వ్రాయవలెను. అత్యవసరమైనచో 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును పిలువవచ్చును.

2. తొలకరికి ముందు గురకవ్యాధి, జబ్బవాపు టీకాలు వేయు కాలమున శిక్షణములు పెట్టవద్దనియు, ప్రక్కప్రక్క ఊళ్ల వైద్యులను ఒకేసారి పంపవద్దనియు సంఘము తీర్మానించి శాఖవారికి అర్జీ పంపవలెను. వైద్యునిపై విసుగుకొనుటకంటె ఇది మేలు.

3. వైద్యుడు తిరిగివచ్చిన పిదప జరుగు మొదటి సభకు ఆయనను ఆహ్వానించి మూడే ప్రశ్న లడుగవలెను. క్రొత్తగా ఏమి తెలిసినది? ఇంతవఱకు చేయుచున్న దానిలో ఏది మానవలెను? ఇందు రైతు చేయవలసినది ఏది?

4. ప్రతి సభ్యుడును పశువునకొక పుట పెట్టి, చెవిపోగు సంఖ్య, ఈనిన తేది, వేసిన టీకా, వాడిన మందు వ్రాసియుంచవలెను. వైద్యునికి అంతకు మించిన పాఠ్యపుస్తకము లేదు.

5. అనుమానాస్పదముగా చచ్చిన పశువును దాచి రాత్రికి రాత్రి పాతిపెట్టక, తాముగా కోయక, వైద్యునికి కబురుచేయవలెను. ఆ ఒక్క నమూనా ఊరి మందను కాపాడవచ్చును.

6. “గట్టి సూది వేయుడు” అని వైద్యుని నిర్బంధింపరాదు. ఆయన నేర్చి వచ్చిన క్రొత్త విద్యను మన పట్టుదలచే వాడనీయకున్నచో, ఆ శిక్షణము వ్యర్థమే.

7. గరివిడి కళాశాలవారిని ఏటికొకమాఱు బొబ్బిలి ప్రాంతమున పశువైద్య శిబిరము జరుపుమని సంఘము కోరవచ్చును. విద్యార్థులు మన పశువులను చూచి నేర్తురు, మన వైద్యులు ఆచార్యులతో సంప్రదింతురు, మన పశువులకు చికిత్స జరుగును.

నాగలికఱ్ఱు అరిగినచో కమ్మరివద్దకు పంపి సాన పెట్టించుకొందుము. ఆ పూట దున్నుట ఆగినదని కమ్మరిని నిందింపము. వైద్యుని విద్యయు అట్టిదే. వచ్చు నెల సభలో రెండవ, మూడవ అంశములపై తీర్మానములు ప్రవేశపెట్టుటకు సభ్యులు సిద్ధపడి రావలెనని కోరుచున్నాను.