ఆకాశంలో కరెంటు పోతే?

ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు పెద్దవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. "అన్ని గదుల్లో ఫాన్లు వేయకండర్రా, బ్యాటరీ అయిపోతుంది!" మరి విమానం ఎగురుతుండగా కరెంటు పోతే?

1983 జూలై 23న కెనడాలో అదే జరిగింది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానంలో దారి మధ్యలో ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగాయి. వాటితో తిరిగే జనరేటర్లూ ఆగాయి. పైలట్ల ముందున్న తెరలు నల్లబడ్డాయి. బ్యాటరీతో పనిచేసే కొద్ది పరికరాలే మిగిలాయి. అయినా పైలట్లు విమానాన్ని గిమ్లీ అనే ఊరి దగ్గర పాత రన్‌వే మీద దించారు. అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇలాంటి ఆపదను కావాలని తెచ్చుకొని నేర్చుకోలేం కదా! నేల మీద కూర్చుని కంప్యూటరులో నేర్చుకోవచ్చు. 1996లో మొదలైన 'ఫ్లైట్‌గేర్' అలాంటి సిమ్యులేటరు. అనేక దేశాల ఔత్సాహికులు కలిసి దాన్ని తయారుచేశారు. అది ఉచితం. పైగా దాని లోపలి ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు. దీన్నే ఓపెన్ సోర్సు అంటారు.

అందులో సెస్నా 172 అనే చిన్న విమానం ఉంది. దాని ఆల్టర్నేటరును ఇంజను తిప్పుతుంది. ఆల్టర్నేటరు 28 వోల్టులు ఇస్తే, బ్యాటరీ 24 వోల్టులది. ఈ తేడా ఎందుకు? నీరు మెరక నుంచి పల్లానికి పారినట్లు, విద్యుత్తు ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువ వైపు ప్రవహిస్తుంది. అందుచేత ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ చార్జి అవుతూనే ఉంటుంది. ఈ రెండింటి నుంచి వచ్చే విద్యుత్తు 'బస్' అనే లోహపు పట్టీకి చేరి, అక్కడి నుంచి దీపాలకూ రేడియోకూ పోతుంది. ఇది మనం ఎక్కే బస్సు కాదు సుమా!

కంప్యూటరులో తీగలు లేవు, ఉన్నది లెక్క ఒక్కటే. ఇంజను తగినంత వేగంగా తిరుగుతోందా? ఏయే స్విచ్చులు వేసి ఉన్నాయి? మొత్తం ఎన్ని ఆంపియర్లు కావాలి? ప్రోగ్రాము ఈ ప్రశ్నలు సెకనుకు చాలాసార్లు వేసుకుంటుంది. ఆల్టర్నేటరు చెడితే, వాడిన విద్యుత్తును బ్యాటరీ నిల్వలోంచి తీసివేస్తూ పోతుంది.

మనమూ లెక్క వేద్దాం. బ్యాటరీ సామర్థ్యం 12 ఆంపియర్-గంటలు అనుకోండి. అన్నీ వేసి 24 ఆంపియర్లు వాడితే అరగంటలో ఖాళీ. అక్కరలేనివి ఆర్పి 6 ఆంపియర్లతో సరిపెట్టుకుంటే రెండు గంటలు వస్తుంది. నిజమైన బ్యాటరీ పాతబడితే ఇంతకన్నా తక్కువే ఇస్తుంది. చీకట్లో ఊరు చేరవలసిన పైలటుకు ఈ తేడా చాలా విలువైనది.

ప్రోగ్రాము రాసేవారు "స్విచ్చి వేస్తే దీపం వెలుగును" అని మాత్రమే రాసి ఊరుకుంటే ఏమవుతుంది? బ్యాటరీ ఎన్నటికీ తరగదు! దాని మీద నేర్చుకున్నవాడికి తప్పు పాఠం అబ్బుతుంది.

ఇది చెప్పగానే మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "బ్యాటరీ అయిపోతే ఇంజను కూడా ఆగిపోవాలి కదా, మాస్టారూ?" అంది. మంచి ప్రశ్న! ఈ విమానంలో అలా ఆగదు. ఇంజనుకు కావలసిన నిప్పురవ్వను మాగ్నెటో అనే పరికరం ఇస్తుంది. అందులో అయస్కాంతం తిరుగుతుంటే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. అంటే మీరు చదివిన ఫారడే సూత్రమే! దానికి బ్యాటరీతో పనిలేదు. కనుక దీపాలు ఆరినా ఇంజను తిరుగుతూనే ఉండేలా ప్రోగ్రాము రాయాలి.

ఇప్పుడు మీకొక పని. మీ ఇంట్లోని విద్యుత్ పరికరాలకు పట్టిక వేయండి. కరెంటు పోతే మొదట ఏది ఆర్పాలి, చివరివరకూ ఏది ఉంచాలి, ఎందుకు? కారణాలతో రాయండి. పైలటు చేసే ఆలోచన కూడా అదే!